ముప్పై ఏడో నంబరు పళ్లెం

పోయిన వారం మనం ఎలిశిబను ఒక నూనె సీసా ముందు నిలబెట్టి వచ్చాం.

ఆ సీసా ఆమెది కాదు, ఆ పొయ్యీ ఆమెది కాదు. మెదక్‌లో ఒక హైస్కూలు వరండా చివర నీలం టార్పాలిన్ కట్టి వేరు చేసిన మూల అది. అక్కడ వంట యాదలక్ష్మిది. పొద్దున తొమ్మిది గంటలకు యాదలక్ష్మి గిన్నెలు కడగడానికి నల్లా దగ్గరికి పోయినప్పుడు, ఏం వండుతోందో చూసిపోదామని లోపలికి తొంగిచూసింది ఎలిశిబ. మూత తీసి ఉన్న సీసాలోంచి వస్తున్న వాసనను ఆమె ముక్కు ఇట్టే పట్టేసింది. సీసా మీద ఉన్నది పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. లోపల ఉన్నది పల్లి నూనె. అదీ శంకరంపేట గానుగ నుంచి ఎలిశిబ ఏరికోరి తెప్పించుకునే నూనె. తన డబ్బాలో ఉండాల్సింది ఆ సీసాలోకి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. అక్కడ ఉండకూడదని మాత్రం బాగా తెలుసు.

హైదరాబాదు నుంచి తెల్లవారుజామున బయల్దేరి, బాన్సువాడ దాకా పోయి, ఒక్క రోజులో తిరిగి చేరుకునే మూడువందల కిలోమీటర్ల సైకిల్ సవారీ అది. అరవై రెండు మంది తొక్కుతున్నారు. వాళ్లలో ముప్పై ఏడో నంబరు అమ్మాయికి పల్లి పడదు. కొంచెం కడుపులోకి పోయినా గొంతు మూసుకుపోతుందట. సవారీ నడిపే కృష్ణమోహన్ సారు పొద్దున సాయానికి వచ్చిన అందరినీ నిలబెట్టి ఆ మాట రెండుసార్లు చెప్పాడు. ఎలిశిబ రెండుసార్లూ విన్నది. అన్నీ తెలిసి, నోరు మెదపకుండా తన బగోన దగ్గరికి తిరిగొచ్చి గంటె పట్టుకుంది.

ఇప్పుడు పదిన్నర దాటింది. ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

*

అసలు చెప్పకూడదని ఆమె అనుకోలేదు. ముప్పై ఏడో నంబరు మెల్లగా తొక్కే పిల్ల, పదకొండుకు గానీ రాదని సారే అన్నాడు. అప్పటిలోగా చెబితే సరిపోతుంది. మిగతా వాళ్లకు పల్లి నూనెతో వచ్చే ముప్పేమీ లేదు. అయినా నన్ను అడిగిందెవరు? ఈ ఏడు ఆ మూలలో ఏం వండాలో, ఎట్లా వండాలో ఒక్కరన్నా ఎలిశిబను అడిగారా? అడగనిదానికి పోయి చెప్పడానికి తనకేం పట్టింది?

ఇలా తనకు తాను సర్దిచెప్పుకుంటూ టమాట బాత్ కలుపుతోంది. కలుపుతున్న కొద్దీ కళ్లు మాత్రం టార్పాలిన్ వైపే పోతున్నాయి.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కృష్ణమోహన్ సారుకు సైకిలంటే ప్రాణం. రెండేళ్ల కిందట ఈ సవారీ మొదలుపెట్టినప్పుడు ఆయన అందరికంటే ముందు వచ్చింది చర్చి వెనక సందులో ఉన్న ఎలిశిబ ఇంటికే. "ఎవలకు జీతం లేదమ్మా, నాతోని సహా. అందరం ఇష్టంగ చేసుకునేదే" అన్నాడు. చర్చి కన్వెన్షన్లకు, పెళ్లి విందులకు వందల మందికి వండిన చెయ్యి ఆమెది. సరేనంది. ఆ రెండేళ్లూ మెదక్‌లో ఆగిన సైకిళ్లవాళ్లు ఆమె టమాట బాత్ గురించి హైదరాబాదులో చెప్పుకున్నారు. "దారిలో అన్ని స్టాపులు ఒకెత్తు, మెదక్ స్టాపు ఒకెత్తు" అని ఎవరో అన్న మాటను ఎలిశిబ ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. ఆమెకు ఆ పేరే జీతం.

ఈ ఏడు సవారీ అక్టోబరులో జరగాల్సింది. సకల జనుల సమ్మెతో బడులూ బస్సులూ బందై డిసెంబరుకు పోయింది. ఇంతమంది గుంపుగా వస్తే తెలంగాణ ర్యాలీ అనుకుంటారని సారు పోలీస్ స్టేషన్‌కు రెండుసార్లు పోయి, ఇది ఉత్త సైకిల్ సవారీ అని రాసిచ్చి వచ్చాడు. అయినా సగం సైకిళ్ల హ్యాండిళ్ల మీద జై తెలంగాణ స్టిక్కర్లు ఉండనే ఉన్నాయి. ఆ వాయిదా పడిన రెండు నెలల్లోనే సారు కొత్త సంగతి తెచ్చాడు. తిండి విషయంలో పట్టింపులున్నవాళ్లకు, ఒంటికి పడనివి ఉన్నవాళ్లకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే మనిషి. లిస్టులో ఎనిమిది మంది. ఇద్దరికి షుగరు. ఒక జైన తండ్రీకొడుకులకు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, భూమిలో ఊరే దుంపలు ఏవీ పనికిరావు. ఒకాయనకు గోధుమ పడదు. ఒకామె పాలు, పెరుగు, నెయ్యి ముట్టదు. ఒకాయనకు శనివారం ఒక్కపొద్దు. ఆఖరున ఈ ముప్పై ఏడో నంబరు.

ఆ పొయ్యి తనకే ఇస్తారనుకుంది ఎలిశిబ. ఇంకెవరున్నారు గనక?

సారు దాన్ని యాదలక్ష్మికి ఇచ్చాడు.

యాదలక్ష్మి! పన్నెండేళ్ల కిందట నిజాంపేట నుంచి మెదక్‌కు కాపురం వచ్చి, ఏదన్నా పని ఇప్పించమని తన గుమ్మంలో నిలబడ్డ మనిషి. అప్పట్లో ఆమెకు వంద మందికి బియ్యం ఎంత పోయాలో తెలియదు. అన్నం మెతుకు పట్టుకుని చూడటం, ఉప్పు అరచేతిలో కొలవడం, పెద్ద బగోనను ఇద్దరు కలిసి దించేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలో కూడా ఎలిశిబ నేర్పిందే. సర్వపిండి నేర్పిందీ ఆమే. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, పల్లీలు వేసి, మూకుడుకు నూనె రాసి, పిండి అద్ది, వేలితో తూట్లు పొడిచి, ఆ తూట్లలో నూనె చుక్కలు వదిలి కాల్చడం. ఇప్పుడు అదే సర్వపిండిని పల్లీలు లేకుండా కాల్చి పొగడ్తలు కొట్టేస్తోంది ఆ మనిషి.

"యాదలక్ష్మమ్మా!" కృష్ణమోహన్ సారు గొంతు వరండా అంతా వినిపించింది. "ఆ జైన్ సారు ఏమన్నడో తెలుసునా? ఉల్లిగడ్డ లేకుంట గింత రుచి మా ఇంట్ల గూడ రాదన్నడు!"

"అయ్యో సార్, అంతా అక్క నేర్పిన విద్యే కద" అంది యాదలక్ష్మి, ముక్కు ఎగబీలుస్తూ. మూడు రోజులుగా ఆమెకు జలుబు.

ఆ మాటకు అందరూ ఎలిశిబ వైపు తిరిగి నవ్వారు. ఎలిశిబ నవ్వలేదు. పక్కవాళ్లు వినాలని అంటుందా, నిజంగానే అంటుందా? యాదలక్ష్మి ఒంటి మీద నీలం ఏప్రాన్ ఉంది. దాని మీద సవారీ పేరు అచ్చేసి ఉంది. సారు ఒకటే తెచ్చాడు. రెండోది తేవాలని ఆయనకు తోచలేదు.

లిస్టు ఇంగ్లీషులో వస్తే యాదలక్ష్మి దాన్ని నోట్‌బుక్కులో తెలుగులో రాయించుకుందట. ఎనిమిది మందికీ తానే ఫోన్లు చేసి, పొద్దున ఇంట్లో ఏం తింటారు, ఏం తింటే ఇబ్బందవుతుంది, దారిలో ఎక్కడ ఆకలేస్తుంది అని అడిగి రాసుకుందట. ఆ సంగతి విన్నప్పుడు ఎలిశిబ గట్టిగానే నవ్వింది. "ఇన్నేండ్లు వండిన, ఒక్కలను అడగలే. మనిషి మొఖం జూస్తె తెలుస్తది ఏం పెట్టాల్నో" అంది. ఎవరూ ఆమెతో కలిసి నవ్వలేదు. అదింకా గుచ్చుకుంటూనే ఉంది.

ఒకతను హెల్మెట్ చంకలో పెట్టుకుని యాదలక్ష్మిని, ఆమె పొయ్యిని ఫోటో తీశాడు. ఎలిశిబ గంటెను బగోన అంచుకు కొట్టి, అంటుకున్న మెతుకులు రాల్చింది. అవసరానికి మించి గట్టిగా కొట్టింది.

చెబుదాంలే, పదకొండుకు ఇంకా టైముంది.

*

పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువగా ముప్పై ఏడో నంబరు వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. ఎండకు ముఖం కందిపోయి ఉంది. సైకిల్ గోడకు ఆనించి, స్టాపుకు చేరినట్టు తన కార్డు మీద ముద్ర వేయించుకుని, టార్పాలిన్ వైపు పోబోయి, ఏమనుకుందో ఎలిశిబ పొయ్యి దగ్గరికి వచ్చింది.

"నమస్తే ఆంటీ. మీరు ఎలిశిబ ఆంటీ కద? నా పేరు స్నేహలత. యాదలక్ష్మి ఆంటీ ఫోన్ల మీ గురించి మస్తు చెప్పింది. ఈ సర్వపిండి మీరే నేర్పిండ్రంట కద."

"ఔ బిడ్డా" అంది ఎలిశిబ ముక్తసరిగా.

"మీ స్టాపు పేరు చెప్తెనే నాకు నిరుడు భయం పట్టుకున్నది. మళ్ల ఈ రోడ్డు తొక్కొద్దు అనుకున్న. యాదలక్ష్మి ఆంటీ ఫోన్ చేయకపోతె వచ్చేదాన్నే కాదు."

"ఎందుకట్ల?"

"అదే ఆంటీ, నిరుడు ఇక్కడ తిన్నంక నాకు అట్లయింది కద."

ఎలిశిబకు గుర్తుంది. ఎవరో పిల్ల పడిపోయిందని, ఆటోలో దవాఖానకు తీసుకుపోయారని విన్నది. "నీళ్లు తక్కువై కండ్లు తిరిగినయని చెప్పిండ్రు నాకు. నువ్వేనా ఆ పిల్లవు?"

"నీళ్లు కాదు ఆంటీ!" స్నేహలత నవ్వింది, జరిగిపోయిన గండం గురించి చెప్పేటప్పుడు నవ్వే నవ్వు. "పల్లి నూనె. టమాట బాత్‌ల ఉండె. పల్లి ఉందా అని అడిగిన గూడ. లేదన్నరు. పాపం వాళ్లది గూడ తప్పు కాదు, పల్లి అంటె గింజలే అనుకుంటరు, నూనె ఎవరికి యాదికొస్తది? ఎవరు పెట్టిండ్రో మొఖం గూడ గుర్తులేదు, అంత ఆకలి మీద ఉంటి. నాలుగు ముద్దలు తిన్ననో లేదో పెదవులు వాచినయి, ఊపిరి ఆడలే. రెండు గంటలు సూదులు, సెలైను. యాదలక్ష్మి ఆంటీ నా చెయ్యి ఇడువలే. 'నేనే పోసిన బిడ్డా ఆ నూనె, నాదే తప్పు' అని ఒకటే ఏడుపు. సార్‌తోని గూడ గదే చెప్పిందంట. అందుకే ఈ ఏడు వేరే పొయ్యి పెట్టుండ్రి, నా తప్పు నేనే దిద్దుకుంట అని ఆమెనే పట్టుబట్టిందంట."

ఎవరో పిలిస్తే, వస్తున్నానని చెయ్యి ఊపుతూ ఆ అమ్మాయి టార్పాలిన్ వైపు వెళ్లిపోయింది.

ఎలిశిబ చేతిలో గంటె ఆగిపోయింది.

నిరుడు టమాట బాత్ బగోన దగ్గర ఎలిశిబ తప్ప ఇంకెవరూ లేరు. తన టమాట బాత్‌లో ఇంకొకరు చెయ్యి పెట్టడం ఆమెకు ఇష్టం ఉండదు. యాదలక్ష్మి ఆ రోజు పొద్దుటి నుంచి, ఆ పిల్లతో ఆటో ఎక్కేదాకా, వరండా ఆ చివర అరటిపళ్లు విడదీస్తూ, నీళ్ల సీసాలు నింపుతూ ఉంది. నూనె పోసింది తాను. పళ్లెం చేతికిచ్చింది తాను. "పల్లీలు ఏయలే బిడ్డా, తిను" అన్నదీ తానే. ఆ మాట ఇప్పుడు తన గొంతుతోనే చెవిలో వినబడింది.

అంటే యాదలక్ష్మి ఆ నేరం తన మీద వేసుకుంది. ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు, చివరకు ఎలిశిబకు కూడా.

అప్పుడు ఆమె మనసు కరిగిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ముందు వచ్చింది కోపం. నా పేరు కాపాడిందా? ఉల్లిగడ్డలు కోసుకుంటూ నా చేతి కింద పెరిగిన మనిషి, నా మీద జాలి పడేంత పెద్దదైందా? సారు దగ్గర నా తప్పు దాచి, నాకు తెలియకుండా నన్ను ఏడాదిగా మోస్తోందా? ఏప్రాన్ కంటే, ఫోటో కంటే, సారు పొగడ్త కంటే అది ఎక్కువ మండింది. మంచితనంలో కూడా తనను దాటిపోయిన మనిషిని ఎలా ఓర్చుకోవాలో ఎలిశిబకు తెలియలేదు.

ఆ మంటలో ఎంతసేపు నిలబడిందో. తలెత్తి చూసేసరికి స్నేహలత బల్ల ముందు కూర్చుని ఉంది. చేతి గ్లవుజులు తీసి పక్కన పెట్టింది. యాదలక్ష్మి వేడివేడి సర్వపిండి పళ్లెంలో పెట్టి, ఆమె ముందుకు జరిపింది. ఆ అమ్మాయి అంచు విరిచింది. కరకరమన్న చప్పుడు ఎలిశిబకు వినబడినట్టే అయింది.

గంటె కింద పడింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి, వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. ముక్కతో నోటి దాకా పోయిన స్నేహలత చేతిని పట్టి లాగింది. రెండో చేత్తో పళ్లెం తోసేసింది. పళ్లెం గచ్చు మీద పడి గిరగిరా తిరిగి ఆగింది.



*

"అక్కా!" అంది యాదలక్ష్మి. "ఏమైంది నీకు?"

ఎలిశిబ బల్ల అంచు పట్టుకుని రొప్పుతోంది.

"పొద్దటిసంది చూస్తున్న. నా దిక్కు ఒక్కపారి గూడ మంచిగ చూడలే. పలకరిస్తె పలకలే. ఈ బట్ట ముక్క నాకిచ్చిండ్రని గింత కండ్లమంటనా అక్కా? తీసి నీకే ఇస్తుంటి కద, అడిగితె! ఆకలి మీదున్న పిల్ల పళ్లెం గుంజుతరా?"

"నూనె..." అంది ఎలిశిబ. "ఆ సీస. జర వాసన జూడు."

"జలుబుతోని సస్తున్న, నాకేం వాసన తెలుస్తది?"

కృష్ణమోహన్ సారు రెండంగల్లో వచ్చి సీసా అందుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు. ఒక చుక్క వేలికి రాసుకుని నాలుకకు తగిలించాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"పల్లి నూనె" అన్నాడు మెల్లగా. "అమ్మా స్నేహలతా, నోట్ల పెట్టుకున్నవా?"

"లేదు సార్, ఇంకా లేదు." ఆ అమ్మాయి చేతిలోని ముక్కను బల్ల మీద పడేసి, సబ్బు కోసం నల్లా వైపు పరుగెత్తింది.

"ఈ సీసల పల్లి నూనె ఎవరు పోసిండ్రు?"

నీళ్ల డ్రమ్ముల దగ్గరున్న సుధాకర్ ముందుకు వచ్చాడు. ప్రైమరీ స్కూలు టీచరు, శనివారం సెలవు పెట్టుకుని సాయం చేయడానికి వచ్చిన మనిషి. "నేనే సార్. సీస ఖాళీగ కనబడ్డది, ఎలిశిబమ్మ డబ్బల నుంచి నింపి పెట్టిన. గింజలే పడవనుకున్న సార్, నూనె గూడ అని నాకు ఎర్కలే."

"ఎప్పుడు నింపినవ్?"

సుధాకర్ చెమట తుడుచుకున్నాడు. "పది దాటినంక సార్. ఔ, నీళ్ల ట్యాంకరు వచ్చిపోయినంక. పది దాటినంకనే."

సారు గట్టిగా ఊపిరి వదిలి ఎలిశిబ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "ఎలిశిబమ్మా, నీ ముక్కు కాపాడింది ఇయ్యాల. గింత దూరం నుంచి పసిగట్టినవంటె... ఏం చెప్పాల్నో తెలుస్తలేదు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. సైకిళ్ల మీద హెల్మెట్లతో ఉన్నవాళ్లు, వరండా మెట్ల మీద అరటిపళ్లు తింటున్నవాళ్లు, అందరూ కొట్టారు. నల్లా దగ్గరి నుంచి వచ్చిన స్నేహలత తడి చేతులతోనే ఎలిశిబను కావలించుకుంది. "థాంక్యూ ఆంటీ" అని ఏడ్చేసింది. ఇందాక యాదలక్ష్మిని ఫోటో తీసినతను ఇప్పుడు ఎలిశిబను తీశాడు.

పొద్దుటి నుంచీ ఆమె దేనికోసం రగిలిపోయిందో అది ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

యాదలక్ష్మి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మాఫ్ చెయ్యక్కా. నోటికొచ్చింది అన్న. నీ అసొంటిదాన్ని పట్టుకొని కండ్లమంట అన్న, నా నోరు పడిపోను." ఒక్క క్షణం ఆగి, "నీకు ఎప్పుడు తెలిసిందక్కా?" అని అడిగింది.

"ఇప్పుడే" అంది ఎలిశిబ. "గాలి ఇటు తిరిగింది, వాసనొచ్చింది."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. అడ్డం పడ్డదేదీ లేదు.

"పోనీ, దేవుడు సల్లగ జూసిండు." యాదలక్ష్మి ఏప్రాన్ కొసతో కళ్లు తుడుచుకుంది. "పది దాటినంక నింపిండు గన్క నయమైంది. లేకపోతె ఆ సారు గతి ఏం గావాలె!"

"ఏ సారు?"

"పన్నెండో నంబరాయన, చంద్రకాంత్ సారు. పల్లి పడనిది ఒక్కలకు కాదక్కా, ఇద్దరికి. ఆయన లిస్టుల రాయలే, మర్చిపోయిండంట. నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పిండు, నా బుక్కుల కింద రాసుకున్న. పని తొందరల సార్‌కు చెప్పుడు మర్చిపోయిన. ఇయ్యాల అందరికంటె ముందు వచ్చింది గాయననే, తొమ్మిదింబావుకు. కూసుండలే గూడ. రెండు సర్వపిండిలు కాల్చి పొట్లం కట్టిచ్చిన. ఎల్లారెడ్డి దాటినంక చెట్టు కింద తింట అని జేబుల పెట్టుకొని పోయిండు."

తొమ్మిదింబావు.

సుధాకర్ తప్పు చెప్పాడు. భయంతో చెప్పాడో, నిజంగానే గుర్తులేక చెప్పాడో. నూనె తొమ్మిదికే ఆ సీసాలో ఉంది. ఆ సర్వపిండి ఆ నూనెతోనే కాలింది. ఇక్కడున్న ఇంతమందిలో ఆ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

అందరూ తేలికపడి మళ్లీ పనుల్లోకి పోతున్నారు. సారు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. యాదలక్ష్మి కింద పడ్డ పళ్లెం తీస్తోంది. గోడ గడియారంలో పదకొండూ పది. ఆయన ఎల్లారెడ్డి దాటే ఉంటాడు. తినేసి ఉంటే ఇప్పుడు చెప్పి ఏం లాభం? తినకుండా ఉంటే?

సారును పక్కకు పిలిచి, ఎందుకైనా మంచిది ఒక ఫోన్ చేయండి సార్ అంటే సరిపోతుందేమో అని ఒక ఆలోచన వచ్చింది. ఎందుకు అంటాడు. పది దాటాక కదా నింపింది, భయం లేదు కదా అంటాడు. తర్వాత చేద్దాంలే అంటాడు. పొద్దున తను కూడా తర్వాత చెబుదాంలే అనుకున్నదే కదా.

"యాదీ" అని పిలిచింది.

యాదలక్ష్మి వంగినదల్లా తలెత్తింది.

"సుధాకర్‌కు యాదిలేదు. పదికి కాదు. తొమ్మిదింటికే ఉన్నది ఆ నూనె."

"నీకెట్ల తెలుసక్కా?"

"నువ్వు నల్లా కాడికి పోయినవు. నేను లోపటికొచ్చిన. మూత తీసి ఉండె. అప్పుడే తెలిసింది నాకు."

సారు మాట్లాడుతున్నవాడల్లా ఆగిపోయాడు. స్నేహలత బెంచీ మీంచి లేచి నిలబడింది.

"తొమ్మిదింటికి తెలిసిందా?" యాదలక్ష్మి ఒక్కొక్క మాటే అడిగింది. "తెలిసి... చెప్పలేదా?"

"చెప్పలే."

"ఎందుకు?"

ఎలిశిబ చుట్టూ ఉన్న ముఖాల వంక చూడలేదు. యాదలక్ష్మి ముఖమే చూసింది. "నీకు పేరొస్తుందని" అంది. "ఓర్వలేకపోయిన." ఆ తర్వాత సారు వైపు తిరిగింది. ఒకసారి మొదలయ్యాక ఆపుకోవడం ఆమెకు చేతకాలేదు. "సార్, నిరుడు టమాట బాత్‌ల నూనె పోసింది గూడ నేనే. ఈ పిల్లకు పళ్లెం ఇచ్చింది నేనే. యాదలక్ష్మి ఆ దిక్కే రాలే. నా మీద మాట రావొద్దని తన మీద ఏసుకున్నది. నాకు ఇంతకుముందే తెలిసింది."

స్నేహలత చెయ్యి తెలియకుండానే తన గొంతు మీదికి పోయింది. సుధాకర్ మోటార్ సైకిల్ తాళాలు తీసుకుని పరుగెత్తాడు. సారు సైకిళ్ల వెంట పోయే వ్యాను డ్రైవర్‌కు ఫోన్ కలుపుతూ, ఎల్లారెడ్డి రోడ్డు, పన్నెండో నంబరు, తొందరగా అని అరుస్తున్నాడు.

యాదలక్ష్మి అరవలేదు, ఏడవలేదు. నోట్‌బుక్కు తీసి, చివరి పేజీలో రాసుకున్న నంబరు మీద వేలు పెట్టి, తన ఫోన్‌లో ఒక్కొక్క అంకె నొక్కింది. మోగడం మొదలయ్యాక ఆ ఫోన్‌ను ఎలిశిబ చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు" అంది.

పన్నెండేళ్లలో మొదటిసారి ఆ మాట చివర 'అక్క' లేదు.

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఎలిశిబ మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. సైకిలు తొక్కుతూ ఉంటాడు, జేబులో ఉంటుంది, వినబడదు అని ఎవరో అన్నారు. ప్రభువా, తొక్కుతూనే ఉండనీ, ఇంకా ఆకలి కానీయకు అని ఆమె లోలోపల వేడుకుంది. మూడోసారి నొక్కింది. ఐదుసార్లు మోగింది. ఆరోసారి ఎవరో ఎత్తారు.

"సార్! చంద్రకాంత్ సార్! ఆ పొట్లం తినకుండ్రి సార్, జర ఆగుండ్రి..."

అవతల గాలి చప్పుడు. మేకల అరుపులు. తర్వాత ఒక ముసలి మనిషి గొంతు, తడబడుతూ.

"ఎవలమ్మా మాట్లాడేది? ఈ సైకిలాయన మీకేమైతడు?"